మధ్యవర్తి ఎవరి మనిషో ముందే రాసి ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

భూముల కొనుగోళ్లలో జరిగే మోసాల గురించి మీ పత్రికలో తరచు వార్తలు వస్తుంటాయి. నకిలీ పత్రాలు, ఒకే స్థలాన్ని ఇద్దరు ముగ్గురికి అమ్మడం, చనిపోయినవారి పేరిట సంతకాలు చేయడం వంటివే వాటిలో ఎక్కువ. నేను రాస్తున్నది అటువంటి మోసం గురించి కాదు. పత్రాలన్నీ సక్రమంగా ఉండి, అమ్మినవారు అసలు యజమానే అయి, రిజిస్ట్రేషన్ కూడా ఏ ఆటంకమూ లేకుండా పూర్తయినా కొన్నవారు నష్టపోయే దారి ఒకటుంది. మన తరఫున బేరం మాట్లాడుతున్నారని మనం నమ్మిన మధ్యవర్తికి ఆ భూమిలోనే సొంత లాభం ఉండడం, ఆ సంగతి మనకు తెలియకపోవడం ఆ దారి. దీన్ని మోసమని ఎవరూ పోలీసులకు ఫిర్యాదు చేయరు కాబట్టి ఇది వార్త కాదు. అందుకే ఉత్తరంగా రాస్తున్నాను.

నా భర్త ఉద్యోగ విరమణ చేసినప్పుడు చేతికి వచ్చిన సొమ్ముతో మేము కొంత భూమి కొన్నాము. చూపించిన ఏజెంటు ముక్కూముఖం తెలియని మనిషి కారు. మా దగ్గరి బంధువులకు అంతకుముందు రెండు స్థలాలు ఇప్పించినవారు. "మీ దగ్గర కమీషన్ ఎలా తీసుకుంటానమ్మా, మీరు మావాళ్లే కదా" అని మొదటి రోజే అన్నారు. ఆ మాటకు మేము సంతోషించాము. మా దగ్గర ఏమీ తీసుకోకుండా, నెల రోజులపాటు తన బండి మీద తన పెట్రోలుతో మాకోసం తిరుగుతున్న మనిషికి గిట్టుబాటు ఎక్కడ అవుతోందన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. భూమి గత వారమే అమ్మకానికి వచ్చిందని, ఇంకో ఇద్దరు అడుగుతున్నారని, ఆదివారంలోగా అడ్వాన్సు ఇవ్వకపోతే చేయి దాటిపోతుందని చెప్పారు. యజమానితో నేరుగా మాట్లాడతామంటే, పెద్దాయనకు కొత్తవాళ్లతో బేరాలు గిట్టవని, మీరు వెళితే ధర పెంచేస్తారని వారించారు. పత్రాలు పరిశీలించడానికి న్యాయవాదిని కూడా ఆయనే తీసుకువచ్చారు. ఆ న్యాయవాది ఈసీని (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), పాత దస్తావేజులైన లింకు డాక్యుమెంట్లను చూసి ఏ ఇబ్బందీ లేదన్నారు. యాజమాన్యపు హక్కు మట్టుకు నిజంగానే ఏ ఇబ్బందీ లేదు.

రిజిస్ట్రేషన్ రోజున సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం వరండాలో మా వంతు కోసం ఎదురుచూస్తూ, యజమాని పక్కనే బెంచీ మీద కూర్చున్నాను. దస్తావేజు ప్రతులు తెస్తానని ఏజెంటు లేఖరి దగ్గరికి వెళ్లారు. ఏదో ఒకటి మాట్లాడాలి గనక, "ఇంత తొందరగా కుదరడం మంచిదైందండీ" అన్నాను. ఆయన నా వైపు వింతగా చూశారు. "తొందరేముందమ్మా, మీ ఏజెంటు నాతో అగ్రిమెంటు రాసుకుని ఏడు నెలలైంది. మీరు దొరికేదాకా రెండుసార్లు గడువు పొడిగించమన్నాడు. ఈ నెలాఖరు దాటితే అడ్వాన్సు తిరిగివ్వనని చెప్పేశాను" అన్నారు. కాసేపు ఊరుకుని ఆయనే మళ్లీ, "దారి సంగతి చెప్పాడు కదా?" అని అడిగారు. మేము నాలుగుసార్లు కారులో వెళ్లి వచ్చిన ఆ బాట పక్క రైతు భూమిలోనిదని, ఏ పత్రంలోనూ లేదని, పాత స్నేహం కొద్దీ నోటిమాట మీద సాగుతోందని అప్పుడు తెలిసింది.

అప్పటికే మేము ఇవ్వవలసినదంతా ఇచ్చేశాము, స్టాంపు డ్యూటీ కట్టేశాము. లోపలి నుంచి పిలుపు వచ్చింది. నేను, నా భర్త ఒకరి ముఖం ఒకరు చూసుకుని, లోపలికి వెళ్లి వేలిముద్రలు వేశాము. దస్తావేజులో అమ్మినవారిగా యజమాని పేరు, కొన్నవారిగా మా పేర్లు ఉన్నాయి. ఏజెంటు పేరు సాక్షి సంతకం దగ్గర మాత్రమే ఉంది. యజమానికి ఆయన ఒప్పుకున్న ధరకు, మా దగ్గర తీసుకున్న ధరకు మధ్య తేడా మేమిచ్చిన మొత్తంలో దాదాపు ఐదో వంతని ఆ తరువాత లెక్క తేలింది. మూడు విడతల్లో ఒక విడత సొమ్మును యజమాని బంధువు ఖాతాలో వేయమన్నారు. ఆ ఖాతాదారు యజమానికి ఏమీ కారు, ఏజెంటుకే బంధువు.

ధరలో పోయినదాని కంటే నన్ను ఎక్కువగా బాధపెట్టినది ఆ బాట. ఆ నెల రోజులూ ఆయన మమ్మల్ని తొందరపెట్టింది మా మేలు కోరి అనుకున్నాము. ఆ తొందరంతా ఆయన అగ్రిమెంటు గడువుది. గడువు దాటితే తన అడ్వాన్సు పోయే స్థితిలో ఉన్న మనిషి, కొనేవారిని వెనక్కి లాగే మాట ఒక్కటైనా తన నోటితో ఎలా చెప్పగలుగుతారు? ఇటువంటి వ్యవహారాల్లో జనం సాధారణంగా ధర గురించే అడుగుతారు, ఎంత ఎక్కువ పెట్టామా అని బాధపడతారు. ధర తేడా ఒకసారి పోయి ఊరుకుంటుంది. దాచిన లోపం భూమితోపాటే మన పేరుమీదికి వస్తుంది. పక్క భూమి రైతు పిల్లలతో ఆ బాట గురించి మేము ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నాము.

యజమానితో అగ్రిమెంటు రాసుకుని, గడువులోగా మరొకరికి ఎక్కువ ధరకు ఇప్పించి లాభపడడమే తప్పని నేను అనడం లేదు. సొంత సొమ్ము అడ్వాన్సుగా పెట్టి, అది పోతుందేమోనన్న భయాన్ని మోసి చేసే వ్యాపారం అది. ఆయన వ్యాపారిగా మా ముందుకు వచ్చి ఉంటే, మేమూ వ్యాపారితో మాట్లాడినట్టే మాట్లాడేవాళ్లం, చెప్పిన ప్రతి మాటనూ వేరేచోట విచారించుకునేవాళ్లం. ఆయన కూర్చున్నది అమ్మేవారి స్థానంలో, మాట్లాడింది మాత్రం కొనేవారి హితుడిగా. తప్పు అక్కడ ఉంది. పైగా ఈ సంగతి బయటపడే వీలు కూడా తక్కువ. రిజిస్టరు కాని అగ్రిమెంటు ఈసీలో కనిపించదు. యజమాని నుంచి నేరుగా కొనుగోలుదారుకే దస్తావేజు అవుతుంది కాబట్టి, నడుమ నిలిచిన మనిషి జాడ రికార్డుల్లో మిగలదు. వరండాలో ఆ పెద్దాయన పక్కన కాకుండా నేను మరో బెంచీ మీద కూర్చుని ఉంటే మాకు ఈనాటికీ తెలిసేది కాదు.

ఈ రకం వ్యవహారాన్ని చట్టం ఊహించలేదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోనే ఇది ఉంది. ఏజెంటు తనకు అప్పగించిన పనిలో, తనకు తెలిసిన ముఖ్య విషయాలన్నీ ముందుగా చెప్పి సమ్మతి తీసుకోకుండా, సొంత లాభం కోసం వ్యవహరిస్తే ఆ వ్యవహారాన్ని పని అప్పగించినవారు తిరస్కరించవచ్చునని 215వ సెక్షను చెబుతుంది. అయితే ఏదైనా ముఖ్య విషయాన్ని కపటంగా దాచారని గానీ, ఆ వ్యవహారం తమకు నష్టం కలిగించిందని గానీ తేలాలి. ఆ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణ ఒకటి చదివినప్పుడు, మాకు జరిగినదాన్ని ఎవరో ముందే చూసి రాసినట్టు అనిపించింది. ఎస్టేటు అమ్మిపెట్టమని ఒకరు ఏజెంటుకు అప్పగిస్తారు. ఏజెంటు దాన్ని చూడబోయి, అందులో యజమానికి తెలియని గని ఉందని కనుక్కుంటాడు. ఎస్టేటును తానే కొనుక్కుంటానని యజమానికి చెబుతాడు, గని మాట మాత్రం చెప్పడు. యజమాని ఒప్పుకుని అమ్ముతాడు. తరువాత గని సంగతి తెలిస్తే ఆ అమ్మకాన్ని ఉంచుకోవాలో రద్దు చేసుకోవాలో నిర్ణయించుకునే హక్కు యజమానిదే. తానే కొంటున్నానని ఏజెంటు బయటకు చెప్పినా సరిపోలేదని గమనించాలి. తనకు తెలిసినదంతా చెప్పాలి.

216వ సెక్షను ఇంకా సూటిగా ఉంది. పని అప్పగించినవారికి తెలియకుండా ఏజెంటు ఆ పనిలో సొంతానికి వ్యవహరిస్తే, దానివల్ల అతనికి వచ్చిన లాభాన్ని వారు రాబట్టుకోవచ్చు. ఫలానా ఇల్లు కొనిపెట్టమంటే, అది అమ్మకానికి దొరకదని చెప్పి ఏజెంటు తానే కొనుక్కున్నాడనుకుందాం. అతను కొన్న ధరకే తనకు అమ్మమని పని అప్పగించినవారు బలవంతపెట్టవచ్చునని ఆ సెక్షను ఉదాహరణ. ఇక "నేను వాళ్ల దగ్గర పైసా తీసుకోలేదు, నేను వాళ్ల ఏజెంటును ఎలా అవుతాను" అన్న వాదనకు 185వ సెక్షనులో సమాధానం ఉంది. ఏజెంటుగా నియమించడానికి ప్రతిఫలం అవసరం లేదు. కమీషన్ వద్దన్నంత మాత్రాన బాధ్యత తప్పిపోదు.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా మాకు అక్కరకు రాలేదు. ఈసారి మేమే వెతుక్కుని వేరే న్యాయవాది దగ్గరికి వెళ్లాము. ఆయన అంతా విని అడిగిన మొదటి ప్రశ్న, ఆ ఏజెంటు మీ తరఫున పనిచేస్తున్నారని చూపే కాగితం ఏమైనా ఉందా అని. లేదు. మా ఫోన్లలో ఉన్నవన్నీ భూమి ఫొటోలు, అక్కడికి చేరే దారి చూపే లొకేషన్లు, పండుగ శుభాకాంక్షలు. కేవలం ఇద్దరినీ కలిపి పక్కకు తప్పుకున్న మనిషా, లేక మీ ఏజెంటా అన్నది కోర్టు సాక్ష్యాలు చూసి తేల్చవలసిన విషయమని, తాను యజమాని వైపు మనిషినని ఏజెంటు అంటే కాదని చూపడం మీకు కష్టమని ఆ న్యాయవాది చెప్పారు. మేము దావా వేయలేదు. నా భర్త ఆరోగ్యం బాగా లేదు, కోర్టు చుట్టూ తిరిగే ఓపిక మాకు లేకపోయింది. ఒక్క వాక్యం రాయించుకుని ఉంటే పరిస్థితి వేరుగా ఉండేదన్న బాధ మాత్రం ఉండిపోయింది.

మాకు తెలిసినవారికి ఈ సంగతి చెప్పినప్పుడు ఎక్కువమంది అన్నమాట, "మనిషిని చూసి నమ్మాలి" అని. మేము మనిషిని చూసే నమ్మాము. ఆయన ఇప్పటికీ చెడ్డమనిషని నేను అనలేను. ఆ స్థానంలో కూర్చున్న మరో మంచిమనిషి కూడా, తనకు తెలియకుండానే అటువైపు మొగ్గుతారని నా నమ్మకం. దీనికి ఆధారం ఉంది. అమెరికాలో స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చికాగో శివార్లలో జరిగిన దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలను పరిశీలించి 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. ఏజెంట్లు తమకు పని అప్పగించినవారి ఇళ్లను అమ్మిపెట్టినప్పటి కంటే, తమ సొంత ఇళ్లను అమ్ముకున్నప్పుడు సగటున 9.5 రోజులు ఎక్కువ ఆగి, సుమారు 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టుకున్నారని వారు తేల్చారు. వారిలో ఎవరూ పత్రాలు దిద్దలేదు, అబద్ధపు సంతకాలు పెట్టలేదు. ఇంకో వారం ఆగితే వచ్చే అదనపు ధరలో ఎక్కువ భాగం ఇంటివారికి పోతుంది, తనకు దక్కేది అందులో చిన్న వాటా. అందువల్ల "ఈ ధర మంచిదే, ఇచ్చేయండి" అన్న సలహా తేలికగా నోటికి వస్తుంది. తన ఇల్లయితే ఆగుతారు. కొనేవారి విషయంలో ఇది మరింత తలకిందులు. ధరలో శాతం చొప్పున కమీషన్ తీసుకునే మధ్యవర్తికి, మనం ధర తగ్గించుకున్న కొద్దీ ఆదాయం తగ్గుతుంది.

చదువు లేకనో, లోకం తెలియకనో ఇలా జరుగుతుందని కూడా అనుకోకూడదు. మోంటే కార్లోలోని ఒక పెద్ద హోటల్‌ను 2004లో 21 కోట్ల 15 లక్షల యూరోలకు కొన్న మదుపరుల తరఫున బేరం మాట్లాడిన సంస్థ, అమ్మినవారి దగ్గర కోటి యూరోలు తీసుకునేలా వేరే ఒప్పందం చేసుకుంది. ఆ సంగతి కొన్నవారికి సరిగా తెలియజేయలేదు. ఆ వివాదం బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇలా రహస్యంగా తీసుకున్న కమీషన్ పని అప్పగించినవారి సొమ్మేనని, ఏజెంటు దాన్ని వారి కోసం ధర్మకర్తలా పట్టుకుని ఉన్నట్టే లెక్క అని 2014లో ఆ కోర్టు తీర్పు ఇచ్చింది. అంతంత సొమ్ములతో, అంతమంది న్యాయ సలహాదారులతో కొనేవారే పసిగట్టలేకపోయారు.

ఏజెంటు తీసుకువచ్చే న్యాయవాది, సర్వేయరు, దస్తావేజు లేఖరి గురించి కూడా చెప్పాలి. వారు అబద్ధం చెబుతారని కాదు. మా మొదటి న్యాయవాది అబద్ధమేమీ చెప్పలేదు, ఆయన్ను పత్రాలు చూడమన్నారు, ఆయన పత్రాలు చూశారు. కానీ మనం జీవితంలో ఒకసారో రెండుసార్లో భూమి కొంటాము. ఆ ఏజెంటు నెలకొక పని తెచ్చిపెడతారు. అడగని ప్రశ్న ఒకటి తానే లేవనెత్తి, కుదిరిన బేరాన్ని చెడగొడితే తరువాతి పని రాదని ఆ న్యాయవాదికి ఎవరూ చెప్పనవసరం లేదు. పరిశీలన రుసుము మన చేతితో మనమే ఇచ్చినా, మనిషిని ఎంచింది ఏజెంటు అయినప్పుడు ఆ పరిశీలన మనది కాదు. బాట ఎవరి భూమిలో ఉందని మా సొంత న్యాయవాది అయితే అడిగేవారు. తరువాత మేము వెతుక్కున్న న్యాయవాది పత్రాలు చూసి, పది నిమిషాల్లో అడిగిన రెండో ప్రశ్న అదే.

2016 నాటి రెరా చట్టం (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం) వచ్చాక ఈ బాధ తీరిందని కొందరు అంటారు. ఆ చట్టం ఏజెంట్ల నమోదును తప్పనిసరి చేసింది, తప్పుడు మాటలు చెప్పి అమ్మించడాన్ని నిషేధించింది, కొనేవారికి అందవలసిన పత్రాలు అందేలా చూడడం ఏజెంటు విధి అన్నది. అది మంచి మార్పు. అయితే ఆ చట్టం నడిచేది రెరాలో నమోదైన ప్రాజెక్టుల చుట్టూ. ఒక యజమాని దగ్గర ఒక కుటుంబం విడిగా కొనుక్కునే భూమి, వ్యవసాయ భూమి దాని పరిధిలోకి రావు. మధ్యవర్తుల మీద ఆధారపడవలసి వచ్చేది ఎక్కువగా ఇటువంటి కొనుగోళ్లలోనే.

అందువల్ల నేను కోరేది పెద్ద సంస్కరణ ఏమీ కాదు. అమ్మకపు అగ్రిమెంటులోనే మధ్యవర్తి ప్రకటనగా ఒక పేరా ఉండాలి, ఆయన దాని కింద సంతకం చేయాలి. ఆయన ఎవరి తరఫున పనిచేస్తున్నారు, ఎవరెవరి దగ్గర ఎంత తీసుకుంటున్నారు, ఆ భూమి మీద ఆయనకు గానీ ఆయన కుటుంబంవారికి గానీ అగ్రిమెంటు, అప్పు, వాటా, బంధుత్వం ఏమైనా ఉన్నాయా అన్నది అందులో రాయాలి. రిజిస్ట్రేషన్ శాఖ నమూనా పత్రాల్లో దీన్ని చేర్చడానికి కొత్త చట్టం అవసరం లేదు. ఇలా చేస్తే మధ్యవర్తుల బతుకుదెరువు పోతుందని ఒక ఏజెంటే నాతో అన్నారు. పోదని నేను చూశాను. మా అనుభవం తరువాత మా తమ్ముడు స్థలం కొనబోయినప్పుడు, అడ్వాన్సు ఇవ్వడానికి ముందు ఇదే అడిగాడు. ఆ ఏజెంటు కాసేపు ఆలోచించి, కాగితం తీసుకుని తన చేతితోనే రాసి ఇచ్చారు: స్థలం యజమాని తన బావమరిది అని, ఆయన దగ్గర రెండు శాతం, మా తమ్ముడి దగ్గర ఒక శాతం తీసుకుంటున్నానని. సంతకం చేసి, "ఇక ధర గురించి నన్ను అడగకండి, ఆయన్నే అడగండి" అన్నారు. మా తమ్ముడు యజమానితో నేరుగా కూర్చుని మాట్లాడాడు, సొంతంగా సర్వేయరును పెట్టుకుని హద్దులు కొలిపించాడు, ఒక వైపు కొలత తగ్గితే ఆ మేరకు ధర తగ్గించుకున్నాడు. స్థలం కొన్నాడు. ఏజెంటుకు ఇద్దరి దగ్గరా రావలసినది వచ్చింది. ఆ చేతిరాత కాగితం దస్తావేజుతో కలిపి ఒకే ఫైలులో ఉంది.

ప్రభుత్వం చేసేలోగా పత్రికలు చేయగలిగినది ఒకటి ఉంది. మీ పత్రికలో ప్రతిరోజూ స్థలాల అమ్మకం ప్రకటనలు వస్తాయి. వాటిలో ఫోన్ నంబరు ఉంటుంది, ఆ నంబరు ఎవరిదో ఉండదు. ప్రకటన ఇచ్చేవారు యజమానా, అగ్రిమెంటు హోల్డరా, కమీషన్ ఏజెంటా అన్న ఒక్క మాటను ప్రకటనలోనే వేయాలని మీరు నియమం పెట్టవచ్చు. ఒక పదానికి అయ్యే చోటు చాలు. మేము కొన్న భూమికి అటువంటి ప్రకటన వచ్చి, అందులో "అగ్రిమెంటు హోల్డర్" అని ఉండి ఉంటే, మేము అడగవలసిన ప్రశ్నలన్నీ అడిగి ఉండేవాళ్లం. ఈ విషయాన్ని మీ ప్రకటనల విభాగం దృష్టికి తీసుకువెళ్లవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు